ఊరినడుగు

“ఇంక మనం కలవొద్దు. కలవాలంటే నీ ఎంగేజ్‌మెంట్ ఎందుకు తప్పిందో చెప్పు.”

నరేష్‌కు మెసేజ్, దాని వెంట తను చదివిన నవల అట్ట ఫొటో పంపేసి, అంకిత ఆ నవలను బీరువాలో పెట్టి తాళం వేసింది. నిజామాబాద్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా రోజూ ఎందరి రక్తమో తీసే పిల్ల, కాగితం మీది రక్తానికి వణికిపోయింది! నవల అట్లాంటిది మరి. డేటింగ్ యాప్‌లో దొరికిన అందగాడు, తియ్యటి మాటలు, “పాత సంగతులు అడక్కు” అని ఒక చిరునవ్వు. ఆఖరికి పాత పిల్ల శవం బావిలో!

నరేష్ కూడా యాప్‌లో దొరికినవాడే. మోస్రాలో వరి, చెరుకు పండిస్తాడు. బోధన్‌లో రెండుసార్లు కలిసి ఐస్‌క్రీం తిన్నారు. నవ్వితే బాగుంటాడు, వచ్చిన చిక్కంతా అదే. అతనూ ఆ మాటే అన్నాడు: “ఒకపాలి నిశ్చితార్థం తప్పింది. ఎందుకని మాత్రం అడగకు.”

మూడోనాడు ఫోన్ చేశాడు.

“నీ నవల నేను గూడ కొనుక్కొని సదివిన.”

“చదివినవా? నీకు భయం కాలేదా?”

“కోపమొచ్చింది. గా నవలల హీరోయిన్ ఒక్కటే తప్పు జేసింది అంకితా. వాని గురించి వాన్నే అడిగింది.”

“మరెవరిని అడగాలె?”

“ఊరిని. నేను లేనప్పుడు మా ఊరికొచ్చి నేనెట్లాంటోన్నో అడుగు. గా ముచ్చట నా ఒక్కనిదే గాదు, నా నోటితోని జెప్పలేను.”

అంకితకు అతనంటే ఇష్టం. దాచేదేముంది, చచ్చేంత ఇష్టం. అందుకే ఆదివారం స్కూటీ తీసింది. జవాబు దొరక్కపోతే ఆ నంబర్ బ్లాక్ చేయాల్సిందేనని తనకు తానే ఒట్టు పెట్టుకుంది.

మోస్రాలో చాయ్ హోటల్ దగ్గర ఆగి, “నరేష్ ఎట్లాంటోడు?” అని అడిగింది. అక్కడే పప్పులో కాలేసింది. ఆ దిక్కున పెళ్లీడు పిల్లగాడి గురించి కొత్త మనిషి ఆరా తీస్తే పిల్ల తరపువాళ్లు వచ్చినట్టే లెక్క. చాయ్ చల్లారకముందే కుర్చీలొచ్చాయి, జనమొచ్చారు, నరేష్ నానమ్మ పెంటవ్వ కొంగు సర్దుకుంటూ వచ్చేసింది.

“పిల్ల తరపోల్లు ఏరి?”

“నేనే అవ్వా.”

“పిల్లవూ నువ్వే, పెద్దమనిషివీ నువ్వేనా! ఓరి దేవుడా!”

అందరూ నవ్వారు. “పనిమంతుడు. గని క్రికెట్ల ఔటైతే ఒప్పుకోడు!” అన్నాడు ఒకాయన.

“నిశ్చితార్థం ఎందుకు తప్పింది?”

నవ్వులు ఆగిపోయాయి. పెంటవ్వ తల దించుకుంది. ఇక చాలనుకుని అంకిత స్కూటీ తాళం తీసుకుంది.

“ఆగు అక్కా. గా పిల్లను నేనే.”

చంకలో పాపతో ఒకామె ముందుకు వచ్చింది. జ్యోతిరాణి అట, పుట్టింటికి వచ్చి ఉంది. “నాకు వేరే ఆయన ఇష్టముండె. బాపుకు జెప్పే ధైర్యం లేకుండె. నరేష్‌తోని జెప్పుకొని ఏడ్సిన. పిల్ల నచ్చలేదని తనే అడ్డం దిరిగిండు. ఊరంత తిట్టింది, నోరు మెదపలే. ఇయ్యాల నేను గూడ మెదపకుంటే పాపం తగుల్తది.”

పెంటవ్వ కళ్లు నిండాయి. “నేను గూడ నెలరోజులు వానితోని మాట్లాడకపోతి గదనే! నా మనుమడు, నా బంగారం!”

అంకితకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఇంత గర్వం ఆమెకు ఎప్పుడూ కలగలేదు. అతనింకా తనవాడు కాకముందే ఆ గర్వం తనదైపోయింది.

ఎవరు కబురు చేశారో, నరేష్ మడి బురదతోనే పరుగెత్తుకొచ్చాడు. అంత జనాన్ని చూసి బిత్తరపోయాడు.

“ఏమాయె? ఊరేమన్నది?”

“అది తర్వాత. నా గురించి మా గల్లీల అడగనీకి మీరెప్పుడొస్తున్నరు?”

అతను నోరు తెరిచేలోపే పెంటవ్వ అంకిత చేయి పట్టుకుంది.

“అడిగేదేముంది బిడ్డా! ఒక్కదానివే వచ్చి ఊరినే నిలబెట్టి అడిగినవు. మా ఇంటికి గసొంటి పిల్లనే గావాలె. ముహూర్తం పెట్టనీకే వస్తం.”