వెనక కుర్చీ

మా గది సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన ఉంటుంది. ఇరుకు మెట్లెక్కి రావాలి. ఒక బల్ల, దాని మీద పాత కంప్యూటరు, రకానికొకటి చొప్పున నాలుగు కుర్చీలు. కింద నుంచి రబ్బరు వాసన, గ్రీజు వాసన వస్తూనే ఉంటాయి. ఆదివారం మధ్యాహ్నాలు నలుగురం అక్కడ చేరి, ఒకరు చేసిన వీడియో గేమ్ ఇంకొకరు ఆడి, ఎలా ఉందో చెప్పుకునేవాళ్ళం. మావి పెద్ద కంపెనీలూ గట్రా కాదు. వారమంతా ఏదో ఉద్యోగం వెలగబెట్టి, మిగిలిన పొద్దులో చిన్న చిన్న ఆటలు అల్లుకునే మనుషులం.

మాస్టారు ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పేవారు. ఆయన ఆటల్లో రెండో అంకం దాటిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. బొమ్మలావిడ గీసే చెట్లు కూడా మనల్ని పలకరిస్తున్నట్టుంటాయి, కానీ ఆట ఎక్కడ మొదలవుతుందో ఆవిడకే తెలియదు. మూడో మనిషిని నేను. నాలుగోవాడు నా తమ్ముడు. ఆరడుగుల పైన ఉంటాడు కాబట్టి అందరూ వాణ్ని బుడ్డోడు అని పిలిచేవాళ్ళు.

మాకో పద్ధతి ఉంది. ఆడేవాళ్ళు కంప్యూటరు ముందు కూర్చుంటారు. ఆట చేసినవాళ్ళు సరిగ్గా వాళ్ళ వెనక కుర్చీ వేసుకుని, నోటికి తాళం వేసుకోవాలి. "అటు కాదు, ఎడమ పక్కకి వెళ్ళు" అని అందించకూడదు. ఆడేవాళ్ళు మనసులో అనుకున్నది అనుకున్నట్టు పైకి చెబుతూ ఆడాలి. వెనక్కి మాత్రం తిరగకూడదు. చేసినవాళ్ళ మొహం చూస్తే మొహమాటం అడ్డొస్తుంది, ఉన్నది ఉన్నట్టు చెప్పలేం. "బాగాలేదు" అనే మాట మా గదిలో నిషేధం. ఎక్కడ చిక్కుకున్నావో చెప్పు, ఏం చేస్తే బాగుంటుందో చెప్పు. చివరికి ఆడినవాళ్ళు "అయిపోయింది" అంటారు. అప్పుడే వెనక కుర్చీకి నోరు వస్తుంది.

ఆ నోరు మూసుకోవడం బుడ్డోడికి నరకం. మోకాళ్ళు ఊపేవాడు, గోళ్ళు కొరికేవాడు. నేను "అయిపోయింది" అనడం ఆలస్యం, "అక్కా, నువ్వు మనిషివా? తప్పులు వెతికే యంత్రానివా?" అని మీదకొచ్చేవాడు. అలా అంటూనే, చెప్పిన ప్రతి మాటా రాత్రికి రాత్రి దిద్దుకుని తెచ్చేవాడు. దిద్దాల్సింది ఒక్కటి మిగిలినా వాడికి నిద్ర పట్టేది కాదు.

వాడు పోయాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఆసుపత్రి మంచం మీద కూడా ల్యాప్‌టాప్ వదల్లేదు. "ఆదివారానికి ఇచ్చేస్తానక్కా, ఒక్క గది మిగిలింది" అన్నాడు. ఆదివారం రానేవచ్చింది. వాడు లేడు.

వాడు ఆసుపత్రిలో చేస్తున్న ఆటలో ఒక చిన్నపిల్లాడు ఉంటాడు. ఇల్లంతా చీకటి. పిల్లాడు గదిగదికీ వెళ్ళి దీపాలు వెలిగించుకుంటూ, చివరి గదిలో నిద్రపోతున్న అక్కని లేపాలి. అంతే ఆట. చిన్నప్పుడు కరెంటు పోతే వాడు గోడలు తడుముకుంటూ వచ్చి నన్నే లేపేవాడు. ఎవరికీ చెప్పలేదు కానీ, అది మా ఇల్లే.

"వాడు ఆడి చూడమన్నాడు కదమ్మా. పద్ధతిగానే చూద్దాం" అన్నారు మాస్టారు. ఆయనే నా వెనక ఒక ఖాళీ కుర్చీ వేశారు. తెర మీద వెలుగు పడకుండా బొమ్మలావిడ కిటికీ మూసింది. వాడి ల్యాప్‌టాప్‌లోని ఆటని మా కంప్యూటర్లోకి ఎక్కించి ఆడాను. పైకి చెబుతూనే ఆడాను. "ఇక్కడ దీపం ఉందని నాకు తెలియలేదురా. దాని నీడ గోడ మీద పడితే తెలుస్తుంది." అలా ఒక్కో గదీ దాటి చివరి తలుపు తీశాను. అవతల ఏమీ లేదు. ఉత్త బూడిద రంగు. అక్క గది వాడు కట్టనేలేదు. ముగ్గురం చిన్నపిల్లల్లా ఏడ్చాం. "అయిపోయింది" అని ఎవరూ అనలేదు. అవ్వలేదు కదా మరి.

మరుసటి ఆదివారం ఇంకోసారి చూసుకుందామని తెరిచాను. గోడ మీద దీపం నీడ పడుతోంది.

"నువ్వు మార్చావా?" అంది బొమ్మలావిడ.

"వాడి ఫైళ్ళు ముట్టుకునే ధైర్యం నాకెక్కడిది?"

"మాస్టారూ, మీరా?"

"నా ఆటే నాకు లొంగదు తల్లీ. వాడిది నేనేం మారుస్తాను?"

అప్పుడు నా వెనక, పోయిన వారం వేసిన ఖాళీ కుర్చీ కిర్రుమంది. బరువైన మనిషి వెనక్కి వాలినట్టు... నేను తిరగలేదు. అలవాటు అలాంటిది. బొమ్మలావిడ సంచి తీసుకుని ఒక్క ఉదుటున మెట్లు దిగిపోయింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

మాస్టారు గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఆయన నిలబడ్డ చోటు నుంచి కుర్చీ కనిపిస్తుంది.

"వాడేనా మాస్టారూ?" గొణిగాను.

"నాకేం కనపడట్లేదమ్మా." ఆయన కళ్ళు కుర్చీ మీంచి తిప్పలేదు. "కానీ కుర్చీలో మెత్త కిందికి అణిగి ఉంది. ఆపేద్దాం. నా మాట విను."

నేను వినలేదు. ఎలా వింటాను? తమ్ముణ్ని మట్టిలో కలిపి వచ్చిన మనిషిని. వాడు వెనక కూర్చున్నాడంటే ఆపేస్తానా?

ఆ తరువాత ఆదివారాలు ఒక్కదాన్నే వెళ్ళాను. కిటికీ మూసి, వెనక కుర్చీ వేసి, ఆట తెరిచేదాన్ని. కాసేపటికి కుర్చీ కిర్రుమనేది. నా మెడ మీద సన్నగా ఊపిరి తగిలేది. ఒళ్ళు జలదరించేది. వెంటనే మనసు కుదుటపడేది. వచ్చాడు, ఇంక ఫరవాలేదు అనుకునేదాన్ని. "ఈ మెట్ల దగ్గర పిల్లాడు మరీ నెమ్మదిగా నడుస్తున్నాడురా." మరుసటి వారానికి చకచకా నడిచేవాడు. "వంటింట్లో మరీ చీకటి." వంటింట్లో వెన్నెల పడేది. నిజం తప్పులు అయిపోయాక లేని తప్పులు కల్పించాను. తప్పులుంటేనే కదా వాడు వస్తాడు. ఇంటికెళ్ళి పడుకుంటే వచ్చే వారం ఏ వంక పెట్టాలా అనే ఆలోచనే. నిజం చెబుతున్నాను, నాకు భయం లేదు. నాకు వాడు కావాలి.

ఒకసారి ఆట మధ్యలో టకటకమని చప్పుడు వినిపించింది. ఎవరో తలుపు కొడుతున్నట్టు. ఆగి, మళ్ళీ కొడుతున్నట్టు. "ఈ చప్పుడు దేనికిరా? ధ్యాస అటు పోతోంది. తీసేస్తే బాగుంటుంది" అన్నాను. పై వారానికి అది వినపడలేదు.

ఇంట్లో అమ్మ రోజురోజుకీ చిక్కిపోతోంది. ఒకనాడు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"వాడు రోజూ కలలోకొస్తున్నాడే."

"ఏమంటాడమ్మా?"

"ఏమీ అనడు. నిలబడే ఉంటాడు. కాళ్ళు లాగుతాయి, కూర్చోరా నాన్నా అంటే, చోటు లేదమ్మా అంటాడు." అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "నా బిడ్డకి కూర్చోవడానికి కూడా చోటు లేదటే..."

అంతా నా వల్లే అనుకున్నాను. దిద్దాల్సింది ఉంటే నిద్రపోని పిల్లాడికి వారం వారం పని చెబుతున్నాను. వాడు ఎలా కుదురుగా ఉంటాడు? వదిలేయాలి. "ఇంకేం మార్చొద్దు" అని నా నోటితో నేనే చెప్పి పంపేయాలి. చచ్చిపోయినప్పుడు ఒకసారి పోయాడు. ఇప్పుడు నేను పంపాలి.

ఆ ఆదివారం ముసురు. సైకిల్ కొట్టు మూసేశారు. సాయంత్రానికే వీధి చీకటి పడింది. తలుపు చేరవేసి, కిటికీ మూసి, కూర్చున్నాను. వెనక కుర్చీ వెంటనే కిర్రుమంది. నాకోసం ఎదురుచూస్తున్నట్టు... ఆ రోజు గదిలో గ్రీజు వాసన లేదు. తడిసిన సున్నం వాసన. చాలాకాలం మూసి ఉంచిన ఇంటి వాసన.

పిల్లాడు దీపాలు వెలిగించుకుంటూ పోయాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. వంక పెట్టడానికి ఏమీ లేదు. చివరి తలుపు తీశాను.

గది ఉంది.

మంచం. దుప్పటి. గోడ వైపు తిరిగి పడుకున్న అక్క. వాడు కట్టలేకపోయిన గది. నాకు కళ్ళు నిండిపోయాయి. పిల్లాడు భుజం తట్టాడు. అక్క మెల్లగా ఇటు తిరిగింది. నా మొహమే. చిన్నప్పటిది కాదు... ఇప్పటిది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు. ఆ కళ్ళు పిల్లాణ్ని చూడలేదు. నన్నూ చూడలేదు. నా భుజం మీదుగా, నా వెనక్కి చూశాయి. చూస్తూ చూస్తూ పెద్దవయ్యాయి...

మెడ మీద ఊపిరి ఇంకా దగ్గరైంది. అయినా చెప్పాల్సింది చెప్పాలి.

"బాగుందిరా కన్నా" అన్నాను. "చాలా బాగుంది. ఇంక మార్చాల్సింది ఏమీ లేదు. నువ్వు పడుకో. అమ్మని నేను చూసుకుంటాను." ఒక్క మాట మిగిలింది. అది అంటే ఇంక రాడు. పళ్ళు బిగించి అన్నాను.

"అయిపోయింది."

ఆట మూసేశాను. ఎదురుచూశాను. వాడి గొంతు ఒక్కసారి... ఒక్కసారి వింటే చాలు. వెనక నుంచి ఉలుకూ పలుకూ లేదు.

టక్ టక్ టక్.

చప్పుడు కంప్యూటర్లోంచి కాదు. తలుపు.

"అక్కా..."

వాడి గొంతే. మెట్ల మీద నుంచి. తలుపుకు అవతల నుంచి.

"తలుపు తియ్యక్కా... ఎన్నాళ్ళని కొట్టను? నేనక్కా. ఎంత పిలిచినా పలకవేం?" దగ్గు తెర వచ్చింది. "కోపమా నా మీద?"

పై ప్రాణాలు పైనే పోయాయి. కుర్చీ తన్నేసి తలుపు మీద పడ్డాను. నేను గడియ వేయలేదు. వేసి ఉంది. లాగాను. రాలేదు. గోళ్ళు విరిగేలా లాగాను. "ఉన్నాన్రా! ఇక్కడే ఉన్నాను! వెళ్ళకు..." అరుస్తున్నాను. నా అరుపు నాకే వినపడటం లేదు.

"సరేలే అక్కా" అన్నాడు. చిన్నప్పుడు నేను విసుక్కుంటే అనేవాడు, అచ్చం అలాగే. అలిగినట్టు కూడా కాదు. "నిద్రపో. నేను పోతాలే."

అడుగుల చప్పుడు మెట్లు దిగింది. నెమ్మదిగా... ఒక్కో మెట్టూ తడుముకుంటూ... వానలో కలిసిపోయింది.

అప్పుడు గడియ దానంతటదే జారింది. తలుపు తెరుచుకుంది. మెట్ల మీద ఎవరూ లేరు. గుమ్మం ముందు మాత్రం నేల తడిసి ఉంది. చాలాసేపు ఒక్కచోటే నిలబడ్డ మనిషి కాళ్ళంత మేర. నేను అక్కడే కూలబడి, ఆ తడి మీద చెయ్యి పెట్టాను.

నా వెనక, గదిలో, కుర్చీ కిర్రుమంది. ఎవరో తీరిగ్గా సర్దుకుని కూర్చున్నారు. నేనెప్పుడూ వినని గొంతు, ఎంతో మర్యాదగా, గుసగుసగా అడిగింది.

"తర్వాత ఎవరి ఆట?"