గౌనుకి కాపలా

“అనుమానం ఉంటే ఉంచుకోండి. కానీ ఆ స్టూలు కాస్త వెనక్కి జరపండి. మీ నీడ గుడ్డమీద పడుతోంది.”

“నీడ పడితే గుడ్డ తగ్గిపోతుందా?”

“మీ నాయనమ్మగారి లెక్కలో తగ్గినా తగ్గుతుంది!”

రాయ్‌పూర్‌లో రైల్వేవాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో అమూల్యది టైలరింగు కొట్టు. స్టూలు మీద కూర్చున్నవాడు యుగంధర్. వాళ్ళ చెల్లెలు త్రివేణి పెళ్ళి రిసెప్షనుకి లేత గులాబీరంగు షిఫాన్ గౌను కుట్టమని ఇచ్చి, గుడ్డలో ముక్క కొట్టేయకుండా చూడమని మనవణ్ణి కాపలా పెట్టింది ఆండాళమ్మ.

ఆవిడ అనుమానం అంతా ఇంతా కాదు. పాలల్లో నీళ్ళున్నాయని ఒకసారి గేదెనే నిలదీసింది. ఆ రోజునుంచి ఆ గేదె వీధి కుళాయివైపు చూడటమే మానేసింది. నమ్మకపోతే మీ ఇష్టం. గేదె ఇప్పుడు లేదుగాని, ఉంటే సాక్ష్యం చెప్పేది.

అమూల్య షిఫాన్ కింద పాత హిందీ పేపరు పరిచింది. యుగంధర్ మెడ సాచాడు.

“కాగితం కింద ఏం దాస్తున్నారు?”

“మీ చెల్లెలి పెళ్ళికొడుకుని! షిఫాన్ మిషను కింద జారిపోతుందండీ. కాగితంతో కలిపి కుట్టి, తర్వాత కాగితం చింపేస్తాం. చాలా, ఇంకా ఎంక్వైరీ ఉందా?”

“ఉంది. టీ తాగుతారా?”

“అందులో ఏం కలిపారు?”

అలా మొదలైంది. ఆ ఏడు వాన ఎలా పడిందంటే, కాలనీలో గొడుగులే గొడుగులు అడిగాయి. అయినా యుగంధర్ తడుస్తూ వచ్చేవాడు. కాపలావాడి కళ్ళు గుడ్డమీద ఉండాలి కదా, అవి కుట్టే మనిషిమీదే ఉండేవి. ‘ఇంకా నన్ను దొంగనే అనుకుంటున్నాడు’ అని అమూల్యకి ఒళ్ళు మండేది. ఒళ్ళు మండే మనిషి రోజూ అంత శ్రద్ధగా కాటుక ఎందుకు దిద్దుకునేదో మాత్రం నాకు తెలియదు.

ట్రయల్ రోజు వచ్చింది. త్రివేణి గౌను వేసుకుని అద్దం ముందు నిలబడింది. నడుం దగ్గర కాస్త వదులుంటే, అమూల్య నోట్లో పిన్నులు పెట్టుకుని సరిచేస్తోంది. కుడిచెయ్యి కుట్టి ఉంది. ఎడమ భుజం బోడిగా ఉంది.

ఆండాళమ్మ కళ్ళజోడు సర్దుకుంది. “ఏటే గుంటా, రెండో చెయ్యేదీ?”

“కత్తిరించి ఈ బల్లమీదే పెట్టాను మామ్మగారూ. పొద్దుట్నుంచీ వెతుకుతున్నా...”

“ఎతుకుతావు, ఎతుకుతావు! నాకు ముందే తెలుసు. పక్కా చోరీ! రేపట్నుంచి ఈ కాలనీలో ఒక్క జాకెట్టు ముక్క నీ గుమ్మం తొక్కితే నన్నడుగు!”

జాకెట్లు ఇవ్వడానికొచ్చి అరుగుమీద కూర్చున్న ఆడవాళ్ళు మొహాలు చూసుకున్నారు. ఒకావిడ తన సంచీ మెల్లగా వెనక్కి లాక్కుంది. ఆ కొట్టు తప్ప అమూల్యకి వేరే ఆధారం లేదు. నోట్లో పిన్నులు తీసి యుగంధర్ వైపు తిరిగింది.

“రోజంతా చూశారుగా. చెప్పండి, నేను తీశానా?”

యుగంధర్ బయటికి పరుగెత్తి, స్కూటీ డిక్కీలోంచి కాగితపు పొట్లం తెచ్చాడు. లోపల గులాబీరంగు చెయ్యి, ఒక్క ముడత లేకుండా.

“నిన్న జల్లు కొడుతోందని మీరు తలుపు వేయడానికి లేచినప్పుడు నేనే తీశాను. ఇది కుట్టేస్తే గౌను అయిపోతుంది. అయిపోతే రేపు నేనిక్కడికి ఏమని రావాలి?”

త్రివేణి ఫక్కున నవ్వింది. “భయ్యా! అందుకేనా రోజుకో కొత్త చొక్కా? నాకప్పుడే డౌటొచ్చింది!”

అమూల్య నవ్వలేదు. “మీ సరదాకి నా పేరు పోయేది. నాకు కాదు, బయటున్నవాళ్ళకి చెప్పండి.”

అతను అరుగుమీదికి వెళ్ళాడు. “గుడ్డ తీసింది నేనండీ! ఈవిడ తప్పేం లేదు. ఈవిణ్ణి చూడకుండా ఉండలేక తీశాను!”

ఆ మాట ఎక్కడో ఉన్న ఆరంగ్ ఊరి దాకా వినబడిందని అక్కడివాళ్ళే నాతో అన్నారు. సంచీ లాక్కున్నావిడ దాన్ని మళ్ళీ గుమ్మంలో పెట్టింది.

ఆండాళమ్మ మనవణ్ణి ఎగాదిగా చూసి, అమూల్య గడ్డం పట్టుకుంది. “తప్పు నాదే తల్లీ. దొంగని ఇంట్లో ఎట్టుకుని ఊరంతా ఎతికాను. ఇకనుంచి ఈణ్ణి నువ్వే ఓ కంట కనిపెట్టు. నీకిష్టమైతేనే సుమా!”

“ఆలోచించుకోవాలి మామ్మగారూ. ఈ మనిషి మీద నాకింకా అనుమానమే,” అంటూ అమూల్య మిషను ముందు కూర్చుంది.

త్రివేణి మార్చుకుని ఇచ్చిన గౌనుకి చెయ్యి కుట్టింది. కాగితం చింపింది. గౌను మడిచి త్రివేణికి ఇచ్చింది. యుగంధర్ గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటున్నాడు. కాళ్ళ ముందే ఉన్నాయి, అయినా దొరకడం లేదు పాపం.

“రేపు ఆదివారం, కొట్టు సెలవు,” అంది అమూల్య తల ఎత్తకుండా. “కాపలా కాయడానికి ఏమీ ఉండదు.”

“అయితే?”

“ఊరికే రండి.”