మొక్కజొన్నలో జొన్న

ఉదయం పాలు పితకడం అయ్యేసరికే మామగారు ఆవుల మేత మాగబెట్టే గడ్డి పాతర దగ్గర నడుం మీద చేతులు వేసుకుని సిద్ధంగా నిలబడ్డారు. కోడలు ఓడిపోతే కళ్లారా చూడాలని వచ్చినట్టే ఉంది ఆయన వాలకం.

ముప్పై ఏళ్లుగా ఆ పాతరలో మొక్కజొన్న తప్ప మరో మొక్క పడలేదు. ఈ ఏడు వానలు మొహం చాటేశాయి. నీళ్లు తక్కువైనా జొన్న తట్టుకుంటుందని కోడలు రెండూ కలిపి విత్తించింది, కలిపే కోయించింది, ముక్కలు చేయించి, గాలి చొరకుండా తొక్కించి పైన పట్టా కప్పించింది. జొన్న కలిస్తే గడ్డిలో సారం ఉండదని ఆయన పట్టు. ఆమె చిన్న డ్రమ్ములో విడిగా మాగబెట్టి పరీక్షకు పంపితే, మాంసకృత్తులు మొక్కజొన్నకు తీసిపోలేదనీ, పిండిపదార్థం మాత్రం కాస్త తగ్గిందనీ రిపోర్టు వచ్చింది. ఆ కాగితాన్ని ఆవులు తింటాయా అని ఆయన తీసిపారేశారు. గడ్డి చెడితే మేత బాధ్యత మళ్లీ తన చేతికే వస్తుందని ఆమె చేత ఒప్పించుకున్నారు కూడా. కొడుకు ఇద్దరికీ తలాడించి, పాలబండి ఎక్కి తప్పించుకున్నాడు.

పట్టా ఎత్తగానే ఒక మూల జానెడు మేర తెల్లటి బూజు కనిపించింది. కోడలికి, రెండేళ్లుగా ఆ కొట్టంలో కష్టపడి నేర్చుకున్నదంతా మట్టిపాలైనట్టే అనిపించింది.

"రేపట్నుంచి మేత నేను చూసుకుంటాలే," అన్నారు మామగారు.

ఆమె చెడిన గడ్డి ఎత్తడానికి వంగింది. మిగతా పాతరంతా పుల్లటి వాసనతో శుభ్రంగా ఉంది. అనుమానం వచ్చి పట్టా తిరగేసింది. సరిగ్గా బూజు పట్టినచోటే, చెయ్యి దూరేంత కోత. దానిమీద వరసగా మూడు మోకాళ్లనొప్పుల పట్టీలు అతికించి ఉన్నాయి.

కాఫీ తెచ్చిన అత్తగారు ఆ పట్టీలను గుర్తుపట్టారు. "డబ్బా డబ్బా అయిపోతుంటే మోకాళ్లు మరీ ముదిరాయేమోనని బెంగపెట్టుకుని చస్తున్నా," అన్నారు మొగుడివైపు చూస్తూ.

"పట్టా కోస్తే గాలి దూరదా? మీకు తెలీదా మామయ్యా?" అంది కోడలు.

ఆయన పట్టీ అంచును బొటనవేలితో నొక్కారు. "ముప్పై ఏళ్లు ఏం విత్తాలో నేనే చెప్పాను. ఈసారి విత్తాక తెలిసింది నాకు. లోపల ఏమవుతోందో చూడకుండా ఉండలేకపోయానమ్మా."

ఆమె కోపం అక్కడితో చప్పబడింది. వానల కంగారులో ఆయన్ని ఒక్కమాట అడగలేదన్నది నిజమే. అడిగితే వద్దంటారన్న భయమూ ఉంది.

"మరి చూశారు కదా, ఎలా ఉంది?"

"మూడోవారానికే బ్రహ్మాండంగా ఉంది," అన్నారాయన నేలచూపులు చూస్తూ. "అందుకే నీకు చెప్పలేదు."

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. కళ్లు తుడుచుకుని, వచ్చే పంటకు జొన్న ఎన్ని సాళ్లు వెయ్యాలో మీరే చెప్పండి అంది. ఆయన గబగబా ఒక పుల్ల ఏరుకుని నేలమీద గీతలు గీశారు. మూడు సాళ్ల మొక్కజొన్నకి ఒక సాలు జొన్న అని తేల్చేశారు. అంతలోనే పుల్ల ఆగిపోయింది.

"నువ్వేమంటావమ్మా?" అని అడిగారు.