పదేళ్లు ఉండే క్లచ్ కవర్

"బండి పట్కోమన్న గని, పండబెట్టమన్ననా లోహిత్?"

ఒక చెయ్యి రెయిన్‌కోటులో, మరో చెయ్యి బయట పెట్టుకుని అడిగింది ఉజ్వల. సింగపూర్ యీషున్‌లో ఆమె ఉండే అపార్ట్‌మెంట్ బ్లాక్ కింద, కార్‌పార్క్ అంచున, ఆమె నీలం రంగు బైకు కుడివైపుకు ఒరిగి హాయిగా పడుకుని ఉంది. ఇంజను పక్కన గుండ్రంగా ఉండే క్లచ్ కవర్ సరిగ్గా గట్టు అంచుకే తగిలి పగిలింది. సన్నగా ఆయిల్ కారుతోంది. పైన వాన.

తప్పు పూర్తిగా లోహిత్‌దే. రెయిన్‌కోటు తొడుక్కుంటూ ఆమె, "మీకొక ముచ్చట చెప్పాలె" అంది. ఆ మాట వినగానే అతని చేతుల్లో పట్టు పోయింది.

ఆ ముచ్చటేమిటో తనకు తెలుసనుకున్నాడు మహానుభావుడు. యూనివర్సిటీలో ఉజ్వల చేస్తున్న ప్రాజెక్టు అయిపోవచ్చింది. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్ వాళ్లు రమ్మంటున్నారు. ఇక ఆమె బండి సంగతి. సింగపూర్‌లో బండికి పదేళ్లే ఆయుష్షు. సీఓఈ అనే పర్మిట్ తీరిపోతే మళ్లీ పొడిగించుకోవాలి, లేదంటే బండిని స్క్రాప్‌కి పంపాలి. ఉజ్వల కొన్నది సెకండ్ హ్యాండ్ బండి, ఆగస్టుతో దాని గడువు సరి. ప్రాజెక్టూ, పర్మిటూ ఒకేసారి ముగుస్తుంటే ఎవరైనా ఏమనుకుంటారు?

కాకినాడ నుంచి వచ్చి బ్యాంకులో ప్రోగ్రాములు రాసుకునే లోహిత్ కూడా అదే అనుకున్నాడు. ఏడాదిగా ప్రతి ఆదివారం ఆమె వెనకాలే బైకు నడుపుతూ, క్రాంజి దగ్గర ఆగి టీ తాగుతూ, మనసులో మాట చెప్పడానికి ఒక మంచిరోజు కోసం చూస్తున్నాడు. రోజులు అయిపోవచ్చాయి గానీ మంచిరోజు మాత్రం దొరకలేదు.

"ముందు క్లచ్ కవర్ సంగతి చూద్దామండీ," అన్నాడు బండి లేపుతూ. "మిగతావి తర్వాత మాట్లాడుకుందాం."

పగులుకు టేపు వేసి, కింద ప్లాస్టిక్ సంచి కట్టి, ఇండస్ట్రియల్ పార్క్‌లో ఉన్న మెకానిక్ టాన్ అంకుల్ షెడ్‌కి బండిని తోసుకుంటూ బయల్దేరారు. ఆమె హ్యాండిల్ పట్టుకుంది, అతను వెనక నుంచి తోస్తున్నాడు. ఆమెకు రెయిన్‌కోటు ఉంది. అతనికి లేదు.

"నేను చెప్తనన్న ముచ్చట..." మొదలుపెట్టింది ఉజ్వల.

"ఈమధ్య ట్రాన్స్‌పరెంట్ కవర్లు కూడా వస్తున్నాయండీ. లోపల క్లచ్ తిరగడం బయటికే కనబడుద్ది."

"క్లచ్ తిరిగేది చూసుకుంట కూసుంటనా? నేను చెప్పేది ఇనుండ్రి..."

"ఎర్రవి కూడా ఉన్నాయి. మీ నీలం బండికి ఎరుపు బాగోదు లెండి."

ఆమె ఆగి వెనక్కి చూసింది. ముక్కు చివర వాన చుక్క ఒకటి జారనా వద్దా అన్నట్టు వేలాడుతోంది. లోహిత్ గబుక్కున టైరు వైపు చూపు తిప్పుకున్నాడు.

"పొద్దుగాల్నించి మీ నోట్ల క్లచ్ తప్ప ఇంకో మాట లేదు," అని ఆమె మళ్లీ నడిచింది. వినకపోతే ఆ కబురు నిజం కాదన్నట్టు అతను షెడ్ దాకా గేరు ఆయిల్ గురించీ, బోల్టుల గురించీ మాట్లాడుతూనే ఉన్నాడు.

టాన్ అంకుల్ వంగి పగులు చూశాడు. ఏ పార్టు ఇవ్వాలన్నా ఆయన ముందుగా అడిగేది ఒకటే ప్రశ్న.

"సీఓఈ లెఫ్ట్ హౌ లాంగ్?"

"టిల్ ఆగస్ట్, అంకుల్," ఆమె నోరు తెరిచేలోగా లోహిత్ చెప్పేశాడు.

ఉజ్వల కనుబొమలు లేచాయి. "నా బండి సీఓఈ మీకెట్ల ఎరుక?"

"మీరే ఎప్పుడో అన్నారండీ."

"నేనెన్నడు అనలే."

నిజమే, అనలేదు. వాళ్లమ్మతో ఫోన్‌లో అంటుంటే పక్కనుంచి విన్నాడు. విన్నప్పటి నుంచి ఆగస్టు అంటేనే అతనికి పడటం లేదు.

"స్క్రాపింగ్ సూన్, బై న్యూ ఫర్ వాట్ లా?" అని, పోయే బండికి కొత్తదెందుకన్నట్టు చెయ్యి ఊపి అంకుల్ లోపలికి వెళ్లి, ఏదో పాత బండి నుంచి విప్పిన కంపెనీ కవర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాని నిండా గీతలే. ఉజ్వల అటూ ఇటూ తిప్పి చూసి తలూపింది.

"దిస్ ఒన్ కెన్, అంకుల్."

లోహిత్ మనసులో లెక్క కట్టేశాడు. నాలుగు రోజులు నడిస్తే చాలనుకునే బండికే ఇలాంటి కవర్ వేయిస్తారు. అంటే వెళ్లిపోతోంది.

"పాతది వద్దండీ." గోడకు వేలాడుతున్న నల్లటి మందపాటి కవర్ తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇది చూడండి. నాలాంటోడు ఇంకో పదిసార్లు పడేసినా చెక్కు చెదరదు. పదేళ్లు ఉంటది."

"పదేండ్లు ఎవలికి గావాలె?"

"నాకు కావాలి."

అనేశాక ఇక ఆపుకోలేకపోయాడు. "మీరంటే నాకిష్టం ఉజ్వల గారూ. ఏడాది నుంచీ చెబుదామనే చూస్తున్నాను. హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం, వెళ్లొద్దని నేననకూడదు. కానీ ఈ మాట చెప్పకుండా మిమ్మల్ని ఫ్లైట్ ఎక్కించడం నావల్ల కాదు."

టాన్ అంకుల్‌కి తెలుగు ముక్క రాదు. అయినా ఏమర్థమైందో, బోల్టులు వెతికే మిషతో లోపలికి తప్పుకున్నాడు.

"అయ్యిందా? ఇగ నేను చెప్పొచ్చా?" అంది ఉజ్వల. బుగ్గలు ఎర్రబడ్డా గొంతులో మాత్రం దబాయింపు తగ్గలేదు. "ప్రాజెక్టు ఇంకో మూడేండ్లు పెంచిన్రు. హైదరాబాదోళ్లకు రానని చెప్పిన. పోయినవారమే బండికి సీఓఈ గూడ కట్టిన. గిది చెప్తనంటేనే మీరు బండి ఇడిసిపెట్టిన్రు. తొవ్వంత క్లచ్ పురాణం ఇనిపిచ్చిన్రు. ఆఖరికి అంకుల్‌కు ఆగస్ట్ అని మీరే చెప్తిరి."

"మరి ఈ పాత కవర్?"

"మీరు సూపెట్టింది గార్డు. దాన్ని కంపెనీ కవర్ మీదనే బిగిస్తరు. కింద పగులు లేనిది ఒకటి ఉండాలె గదా? నాకు రెండూ గావాలె."

లోహిత్ అక్కడున్న ప్లాస్టిక్ స్టూలు మీద కూలబడ్డాడు. తడిసిన చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది, అయినా ఇన్నాళ్లకు గుండెల నిండా గాలి పీల్చుకున్నట్టయింది. నవ్వొచ్చింది. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి గానీ ఆ తడిలో ఎవరికీ తెలియలేదు. వెళ్లడం లేదు. ఆగస్టు దాటినా ఇక్కడే ఉంటుంది.

మెల్లగా అడిగాడు. "మరి... నేనన్నదానికి?"

ఉజ్వల నల్లటి గార్డు తీసి పాత కవర్ మీద పెట్టి, సరిపోయిందో లేదో చూసుకుంటూ చెప్పింది.

"ప్రాజెక్టేమో మూడేండ్లు. సీఓఈ అయిదేండ్లకు గూడ ఇస్తరు. నేను పదేండ్లకు కట్టిన. ఇంకేం చెప్పాలె నీకు?"

"అంకుల్," లోపలికి కేకేశాడు లోహిత్. "బోత్."