సగం కప్పు టీ

"టపాకాయ వచ్చేసిందోయ్!" అని దర్జీ మామయ్య కుట్టుమిషను ఆపి మరీ కేక వేశాడు.

నిమిషం ఊరుకోదు కనుక ఆ అమ్మాయికి వీధివాళ్ళు పెట్టిన పేరది. పట్నంలో బడిపిల్లల సినిమా పోటీ జరిగింది. వాళ్ళ స్కూలు తీసిన హాస్యచిత్రానికి మొదటి బహుమతి వచ్చింది. అందులో ముసలి తండ్రి వేషం టపాకాయదే. ఇప్పుడు ఆమె చంకలో షీల్డు, చేతిలో మాస్టారు ఇచ్చి పంపిన ప్రొజెక్టరు, ముఖమంతా వెలుగు.

ఇంటి ముందుగది తాతయ్య గడియారాల కొట్టు. కొన్నాళ్ళుగా దాన్ని తెరవడం లేదు. "కళ్ళు ఆనడం లేదు" అని తాతయ్య అందరితో అంటాడు. అసలు కారణం కళ్ళు కాదు, కుడిచెయ్యి. అది వణుకుతుంది. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకు తప్ప మరెవరికీ తెలియదు.

టపాకాయ కప్పు నిండా టీ తెచ్చి ఇచ్చింది.

"అక్కడ పెట్టమ్మా, చల్లారనీ," అన్నాడు తాతయ్య. ఎప్పుడూ అదే మాట.

"సాయంత్రం సినిమా ఇక్కడే వేద్దాం నాన్నా. వీధిలో అందరికీ చెప్పాను," అంది అమ్మ.

ఇంతలో దర్జీ మామయ్య షీల్డు చూద్దామని లోపలికి వచ్చాడు. తాతయ్య కుడిచెయ్యి చటుక్కున జేబులోకి వెళ్ళిపోయింది.

ఆ చేతిని చూడగానే టపాకాయకు సినిమాలో తను వేసిన వేషం గుర్తొచ్చింది.

సినిమా కథ ఇది. ఒక కొడుకు గొప్పవాడై, సూటు వేసుకుని ఇంటికి తిరిగి వస్తాడు. ఎవరూ గుర్తుపట్టరు. కుళాయి బాగుచేసేవాడు వచ్చాడనుకుని పని పురమాయిస్తారు. చివరికి తండ్రి వచ్చి టీ అందిస్తాడు. "ఇక్కడ ఇంకాస్త నవ్వు పుట్టాలి," అన్నారు మాస్టారు. టపాకాయ ఆలోచించలేదు. తాతయ్య చెయ్యి ఎలా వణుకుతుందో అలాగే వణికించింది. కప్పు గడగడలాడి, టీ కాస్తా కొత్త సూటు మీద ఒలికింది. పట్నంలో హాలు హాలంతా పగలబడి నవ్వింది.

ఇక్కడా నవ్వుతారు. అది ఎవరి చెయ్యో వాళ్ళకు తెలియదు. తాతయ్యకు మాత్రం తెలుస్తుంది.

సాయంత్రం గది నిండిపోయింది. తాతయ్య అందరికంటే ముందు కుర్చీలో కూర్చున్నాడు. టపాకాయ ప్రొజెక్టరు పక్కన ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చుంది.

గోడమీద కొడుకు రైలు దిగాడు. జనం నవ్వారు. అమ్మ వేషం వేసిన పిల్ల అతని చేతికి స్పానరు ఇచ్చింది. జనం ఇంకా నవ్వారు. తాతయ్య భుజాలు కూడా కదులుతున్నాయి. ఇక కుళాయి చిమ్మడం, ఆ తర్వాత టీ.

కుళాయి చిమ్మింది.

టపాకాయ చెయ్యి వెనక్కి వెళ్ళింది. ప్లగ్గును పట్టి లాగేసింది.

గది చీకటైపోయింది.

"కరెంటు పోయింది!" అన్నాడు టపాకాయ తమ్ముడు.

"ఫ్యాను తిరుగుతోంది కదరా," అన్నాడు తాతయ్య. "దానికొక్కదానికి ప్రత్యేకంగా ఇస్తున్నారా కరెంటు?"

"ఎవరి కన్నో పడింది పెద్దాయనా! బహుమతి మామూలుదా?" అన్నాడు దర్జీ మామయ్య.

"కన్ను పడితే ప్రొజెక్టరు ఆగదయ్యా. ప్రతిదానికీ ఓ కారణం ఉంటుంది, వెతకాలి అంతే. ఏదీ, దీపం ఇలా పట్టు."

దర్జీ మామయ్య ఫోన్ వెలిగించి పట్టుకున్నాడు. తాతయ్య వంగాడు. ఊడిన ప్లగ్గు కనబడింది. పాత అలవాటు కొద్దీ కుడిచెయ్యి జేబులోంచి బయటికి వచ్చింది.

ప్లగ్గు రంధ్రాల దగ్గర టకటకమని కొట్టుకుంది. లోపలికి దిగలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ టకటక. వెలుగంతా ఆ చేతిమీదే ఉంది.

"అయ్యో, చెయ్యి..." అని దర్జీ మామయ్య నాలుక కరుచుకున్నాడు.

ఏది దాచాలని టపాకాయ ఇంత చేసిందో, అదే అందరి కళ్ళముందూ నిలబడింది. ఆమె ముందుకు జరిగి తాతయ్య చేతిమీద తన చెయ్యి వేసింది.

"నేనే పీకాను తాతయ్యా."

"ఎందుకమ్మా?"

"తర్వాతి సీనులో... నీ చెయ్యి ఉంది. నవ్వించడానికి పెట్టాను."

"నవ్వారా?" అని అడిగాడు తాతయ్య.

"చాలా నవ్వారు."

"చెయ్యి నాది కదా. నన్నొక మాట అడగవద్దూ?"

టపాకాయ కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడు అడుగుతున్నాను. వెయ్యనా, ఆపేయనా? నువ్వు ఎలా అంటే అలా."

తాతయ్య తన చేతివైపు చాలాసేపు చూశాడు. జేబులో పెట్టుకోలేదు.

"వెయ్యి. అసలుదే చూసేశారు, ఇక నకలు దాచి ఏం లాభం?"

ఇద్దరి చేతులూ కలిసి ప్లగ్గు పెట్టాయి. గోడమీద ముసలి తండ్రి నిండు కప్పుతో వచ్చాడు. కప్పు గడగడలాడింది. టీ ఒలికింది. ఎవరూ నవ్వలేదు.

"తప్పు!" అన్నాడు తాతయ్య గట్టిగా.

టపాకాయ తాతయ్యవైపు తిరిగింది.

"సరిగ్గా గమనించలేదు నువ్వు. చెయ్యి వణికేవాడు నిండు కప్పు ముట్టుకోనే ముట్టుకోడు. సగం పోస్తేనే పట్టుకుంటాడు. వాడికి ఆపాటి తెలివి ఉంటుందే పిచ్చిదానా!"

ముందు ఆయనే నవ్వాడు. తర్వాతే మిగతావాళ్ళు నవ్వారు.

టపాకాయ మాత్రం బల్లవైపు చూసింది. మధ్యాహ్నం తెచ్చిన టీ మీగడ కట్టి అక్కడే ఉంది. తను నిండుగా పోసి ఇచ్చిన కప్పులన్నీ గుర్తొచ్చాయి.

సినిమా అయ్యాక అమ్మ టీ కాచింది. అందరికీ పోసే పని టపాకాయ తీసుకుంది.

"ఇదేమిటే, సగమే పోశావు?" అని దర్జీ మామయ్య కప్పులోకి తొంగిచూశాడు. "బహుమతి రాగానే పిసినారివైపోయావా?"

"ఇవాళ అందరికీ సగమే మామయ్యా. అయిపోతే మళ్ళీ పోస్తాను."

దర్జీ మామయ్య పక్కవాళ్ళ కప్పులు చూశాడు. తాతయ్య కప్పు చూశాడు. ఇంకేమీ అనకుండా తాగాడు.

తాతయ్య కుడిచేత్తో కప్పు అందుకున్నాడు. అది సాసరుమీద కాసేపు గలగలమంది. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

"ఇంకో సగం పొయ్యి," అన్నాడు, వేడివేడిగా తాగేసి.