ఎరుపు కట్టి పంపిన పిల్ల

లమ్మడా అనే చీనా పేటలో నదికి దగ్గరి వీధి అది. కింద ఎండుచేపల టోకు కొట్లు, పైన ఇరుకు మెట్లు, మెట్లకి అటూ ఇటూ కాపురాలు. దుర్గాంబ పై అంతస్తులో కిటికీ పక్కన మిషను వేసుకుని కుట్టుకునేది. పెళ్లికాని కొడుకు సూరితో ఉండేది. సరిగ్గా ఆమె కిందింట్లో చీనా ఆవిడ డా మ్యిన్. ఆ ఇంటి కూర ఈ ఇంటికి, ఈ ఇంటి కూర ఆ ఇంటికి వెళ్లకుండా పొద్దు గడిచేది కాదు.

డా మ్యిన్ కూతురు మా ఫ్యూ పెళ్లిబట్టలు దుర్గాంబే కుట్టింది. ఎర్రపట్టు చొక్కా, ఎర్రపట్టు పావడా, ముఖం మీద కప్పే ఎర్రముసుగు. చొక్కా మీద జరీతో డ్రాగన్, దానికి ఎదురుగా ఫీనిక్స్ పక్షి.

"డ్రాగన్ మొగుడు, పక్షి పెళ్లాం ఆంటీ. ముఖాలు తిప్పేసుకున్నట్టు కుట్టావంటే రోజూ దెబ్బలాటలే!" అని నవ్వేది పిల్ల. "ముసుగు మాత్రం మొగుడే ఎత్తాలి. అందాకా నాకు దారి కనిపించదు."

"అందాకా మెట్ల మీద పడకుండా ఉంటే సాల్లే!" అనేది దుర్గాంబ.

ఆ పిల్లకి జ్వరం వచ్చింది. పెళ్లి చూడకుండానే పోయింది.

కన్నవాళ్లు బిడ్డ శవాన్ని సాగనంపకూడదని వాళ్ల ఆచారం. తెల్లబట్టలు దుర్గాంబ చేతిలో పెట్టి, "నువ్వే కట్టి పంపు. ఆ ఎర్రవి నా కళ్లబడనీకు, దాచెయ్," అని తల్లి తలుపేసుకుంది.

దుర్గాంబకి మనసొప్పలేదు. పెళ్లికాని పిల్లని అలా బోసిగా పంపడమేమిటి? మనవాళ్లయితే పసుపు రాసి, బొట్టు పెట్టి, పెళ్లికూతుర్ని చేసి పంపరూ? తెల్లబట్టల కింద ఎర్రపట్టు తొడిగింది. ముఖాన ముసుగు కప్పి, పైన తెల్లగుడ్డ చుట్టింది. పుణ్యం చేశాననుకుంది.

పిల్లని పూడ్చిన ఆ వానాకాలంలోనే ఒకనాటి మధ్యాహ్నం డా మ్యిన్ పైకొచ్చింది.

"రేపు పిల్ల పేర కాగితం బట్టలు కాలుస్తాం. ఆ ఎర్రవీ ఇవ్వు, మంటలో వేసేద్దాం." గొంతు తగ్గించింది. "నయం, నీ దగ్గరున్నాయి. ఎరుపు కట్టుకుని పోయినవాళ్లు పోరు దుర్గా. తిరిగొస్తారు."

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతుంది? చెబితే ఆ తల్లి ముఖం ఎలా చూస్తుంది? "ఇస్తాన్లే," అంది దుర్గాంబ.

సాయంత్రం పెట్టె తెరిచి తన పెళ్లినాటి ఎర్రచీర తీసింది. దాన్నే కత్తిరించి చొక్కా, పావడా కుట్టి కాల్చేస్తే సరి, ఎవరికి తెలుస్తుంది? కత్తెర పెట్టిందో లేదో, కరెంటు పోయింది. బయట వాన. గదిలో చెమ్మవాసన... కాదు, తవ్విన మట్టివాసన.

మెట్ల మీద పట్టు రాపిడి.

"సూరీ... నువ్వేనా?"

గోడని వేళ్లతో తడుముకుంటూ ఎవరో వస్తున్నారు. గుడ్డివాళ్లలా... మెల్లగా... ఒక మెట్టు. ఆగింది. ఇంకో మెట్టు.

గడప దాటింది.

ఆ ఆకారం వచ్చి దుర్గాంబకి ఎదురుగా నిలబడింది. ముసుగు నుంచి నీళ్లు కారుతున్నాయి. తల వంచింది... ఎత్తమన్నట్టు.

"ఆంటీ... దారి కనిపించడం లేదు..."

భయం కంటే ముందు ఏడుపొచ్చింది దుర్గాంబకి. కప్పింది తనే కదా. కళ్లు మూసుకుని ముసుగు ఎత్తింది. చల్లటి ఊపిరి బుగ్గకి తగిలింది. కరెంటు వచ్చింది. ఎవరూ లేరు. వేళ్లకి మాత్రం బురద.

పరుగున కిందకి దిగి, డా మ్యిన్ కాళ్ల దగ్గర కూలబడి జరిగిందంతా చెప్పేసింది. ఆవిడ తిట్టలేదు. గుమ్మం వైపు చూస్తూ అడిగింది:

"నా గుమ్మం దాటే కదా వెళ్లింది... నన్ను పిలవలేదా?"

దుర్గాంబ వేళ్ల బురద చీర చెంగుకి తుడుచుకుంది.

"ముసుగు ఎత్తావా?"

"ఎత్తాను."

"అయితే నీ ఇల్లే దాని అత్తిల్లు." తలుపు మూసుకుంది.

దుర్గాంబ మెట్లెక్కి వచ్చేసరికి సూరి తల తుడుచుకుంటున్నాడు. నది అవతల లైంగ్‌థార్యార్‌లోని ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చాడు. మిషను మీద చిన్న కప్పు. అడుగున తడి టీ ఆకులు.

"ఎవరు తాగీసినార్రా?"

"అదేటమ్మా, నువ్వే కదా! ఇప్పుడే... ఆ పిల్ల మోకాళ్ల మీద కూకుని ఇస్తే, తాగి, దాని నెత్తి మీద సెయ్యి ఏసినావు." సూరి సిగ్గుపడుతూ వంటగది వైపు చూశాడు. "తల వంచుకునే ఉంది, మొకం కనబడ్నేదు. ఎవులమ్మా?"

చీనా ఇళ్లలో అత్తగారు అలా టీ తాగిందంటే కోడల్ని ఒప్పుకున్నట్టే. దుర్గాంబకి తెలుసు. లేదురా, నేను కింద ఉన్నానురా అనబోయింది.

నాలుక మీద టీ చేదు... ఇంకా వేడిగా ఉంది.