కడిగిన చీటీలు

పొద్దున్నే డ్యూటీ దిగి వచ్చిన నర్సమ్మ కాళ్లీడ్చుకుంటూ వంటింట్లోకి నడిచింది. స్టవ్ వెలిగించేముందు గోడకు అంటించిన చీటీల్లో పది ఇంగ్లీషు మాటలు అర్థాలతో సహా పైకి చదువుకోవడం ఆమె అలవాటు. చీటీకి ఒక మాట, కింద దాని అర్థం. ఆదివారమే హెడ్ నర్సు పరీక్ష. ఇప్పటికే రెండుసార్లు ఇంగ్లీషులోనే తప్పింది. ఈసారీ తప్పితే మళ్లీ రాయనివ్వరు, ఉద్యోగం ఉన్నన్నాళ్లూ రాత్రి డ్యూటీలే.

గోడ తళతళలాడుతోంది. చీటీ ఒక్కటీ లేదు.

"అత్తయ్యా! గోడ మీదవి ఏవీ?"

"జిడ్డు పట్టిందని సబ్బునీళ్లతో కడిగానమ్మా," అంది అత్తగారు, తడిచేతులు తుడుచుకుంటూ. "కాగితాలు పారేయలేదు. వాటికీ నూనె అంటింది కదా, ఒక్కొక్కటే మెల్లగా కడిగి ఆరేశాను."

బాల్కనీ తీగకు అరవై చీటీలు క్లిప్పులతో వరుసగా వేలాడుతున్నాయి. ఎంతో శుభ్రంగా ఉన్నాయి. ఒక్కదాని మీదా అక్షరం లేదు.

కోడలికి ఒళ్లు మండిపోయింది. ఆ మాటలు ఏరి రాసుకున్న పుస్తకం ఎప్పుడో లైబ్రరీకి తిరిగిచ్చేసింది.

"నాలుగు నెలల కష్టం! అక్షరం ముక్క రానివాళ్లకి చదువు విలువేం తెలుస్తుంది?"

అన్నాక నాలుక కరుచుకుంది. కానీ వెనక్కి తీసుకునే ఓపిక కూడా లేదు. అక్కడే నేల మీద చతికిలబడింది.

అత్తగారు బాల్కనీలోకి వెళ్లింది. చీటీలు దింపి, పెన్ను తెచ్చి పక్కన కూర్చుంది.

"చదవడం రాదు గానీ చెవులున్నాయిగా. రోజూ వింటూనే ఉన్నాను. రాసుకో. స్టవ్ పక్కన మొదటిది మెటిక్యులస్, ఏ చిన్న పనైనా ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసేవాళ్లు. దాని కింద రెజిలియంట్, ఎన్నిసార్లు పడ్డా లేచేవాళ్లు."

కోడలు నోరు తెరుచుకుని చూసింది. పెన్ను అందుకుంది. ఒకటి, పది, ముప్ఫై. ఆవిడ వరుస తప్పకుండా చెబుతూనే ఉంది.

"తర్వాతది ఇండిఫాటిగబుల్."

"అర్థం?"

"అలుపే ఎరగనిది. ఎప్పుడూ ఆ మాట దగ్గరే ఆవలించేదానివి," అని, అత్తగారు ఆమె తల నిమిరింది. "ఎట్లా తట్టుకుంటున్నావే తల్లీ!"

కోడలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. పెద్దావిడ ఒడిలో తల దాచుకుంది.

"నోరు జారాను అత్తయ్యా. క్షమించండి."

"సర్లే, లే. ఇంకా ఇరవై ఉన్నాయి. అవి రాశాకే నిద్ర."